మొలకింటి గుమ్మానికి గుమ్మడికాయ

మృగశిర కార్తె, మంగళవారం

ప్రపంచ హరితాభివృద్ధి మండలి పెద్దలకు నూకరత్నం రాయునది. మొలకింట్లో కాపురం పెట్టినవాళ్ళు ఇంటి బాగోగులు ఎప్పటికప్పుడు రాసి పంపాలని మీ షరతు. ఉన్నదున్నట్టు రాయమన్నారు. అయితే మా ఆయన్నీ మా అత్తనీ కూడా ఉన్నదున్నట్టే రాస్తాను, తర్వాత నన్ను అని లాభం లేదు.

ఇల్లు బాగుంది. పొద్దున్నే కుండెడు నాచు గంజి తాగింది. వంటింటి మూలనున్న వేరు దగ్గర పోస్తే గుటగుటా పీల్చేసింది. ఆనక గోడలన్నీ ఒకసారి త్రేన్చినట్టు కదిలాయి. కాపురానికొచ్చిన కొత్తలో ఆ కదలిక చూసి నేను బయటికి పరిగెత్తాను. ఇప్పుడు భయం లేదు. భోజనం చేశాక మా ఆయన తాతారావు చేసే చప్పుడు ఇంతకన్నా పెద్దది.

మీ కాగితాల్లో మా చిరునామా తప్పు పడింది. అందులో రాసిన ఊరు మా తాతల కాలంలోనే సముద్రంలో కలిసిపోయింది. ఊరెక్కడని ఎవరైనా అడిగితే మేం అలలకేసి చెయ్యి చూపిస్తాం. నలభై పైచిలుకు కుటుంబాలం పాత ప్లాస్టిక్ సీసాల తెప్పల మీద గుడిసెలేసుకుని, పోటుకీ పాటుకీ ఊగుతూ బతుకుతున్నాం. ఇన్నేళ్ళకి మీరు ఒడ్డు మీది ఇసుకదిబ్బ కోసం, పాతితే ఇల్లై మొలిచే గింజ ఒకే ఒక్కటి పంపారు. చీటీలు వేస్తే మా పేరొచ్చింది. స్వాతి కార్తెలో మీ తనిఖీ అధికారి వచ్చి ఈ ఇల్లు పాసైందంటే అందరికీ గింజలిస్తామన్నారు. ఫెయిలైతే ఇంటిని నరికి ఎరువు చేస్తామనీ, మా గింజలు వేరే దేశం వాళ్ళకి పోతాయనీ అన్నారు. అందుకని ఈ ఇంటి మీద మా ఊరందరి ఆశా ఉంది, ఊరందరి కళ్ళూ ఉన్నాయి.

ఆ కళ్ళ సంగతే మా అత్త కాసులమ్మ పట్టుకుంది. "ఇంతమంది సూత్తన్న కొంపకి గుమ్మడికాయ కట్టకుండా కాపురం సేత్తామేటే?" అంది.

మీరిచ్చిన పుస్తకం మొత్తం తిరగేశాను. మేకులు కొట్టకూడదు, సున్నం వెయ్యకూడదు, గోడలకి వినపడేలా బూతులు తిట్టకూడదు అని బోలెడు రాశారు గానీ, దిష్టికి గుమ్మడికాయ కట్టకూడదని ఎక్కడా లేదు. రాసినాయన ఏ దేశంవాడో, పాపం, ఆయనకి ఆ ఊహే వచ్చి ఉండదు. అత్త కొబ్బరితాడుతో ఒక బూడిద గుమ్మడికాయను గుమ్మం పైన వేలాడదీసి, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టింది. చూడ్డానికి లక్షణంగా ఉంది.

మృగశిర కార్తె, శనివారం

తాడు తెగిపోయింది. గుమ్మడికాయ కింద పడలేదు.

ఇదేం విడ్డూరమని పీట వేసుకుని ఎక్కి చూశాను. కాయ తొడిమ గుమ్మంలోకి దిగిపోయి ఉంది. పై దూలంలోంచి లేత ఆకుపచ్చ నరం ఒకటి బయటికొచ్చి ఆ తొడిమని చుట్టుకుంది. మా ఇల్లు ఆ గుమ్మడికాయని తన కాయే అనుకుంది.

మీ హరిత సహాయ కేంద్రానికి ఫోను చేశాం. అవతల యంత్రం మాట్లాడింది. "మీ ఇంటికి పశువు వచ్చిందా, అతిథి వచ్చారా, బిడ్డ పుట్టిందా?" అని అడిగింది. "గుమ్మడికాయ వచ్చిందండి" అని నేనెంత మొత్తుకున్నా మళ్ళీ మొదటికే వచ్చి ఆ మూడే అడుగుతుంది. మా ఆయనకి ఓపిక తక్కువ. ఫోను లాక్కుని, "సరే, బిడ్డే పుట్టిందనుకోండి బాబూ, ముందు మనిషికియ్యండి ఫోను" అన్నాడు. వెంటనే సన్నాయి మోగింది. మాకు బిడ్డ కలిగినందుకు మండలి వారి అభినందనలట. చుక్కల మందు వేయించడానికి తారీఖు ఇచ్చారు. బిడ్డ పేరున ఊపిరి వాటా కూడా మంజూరు చేశారు.

ఊపిరి వాటా గురించి మీకు చెప్పక్కర్లేదు గానీ, ఇది చదివే గుమాస్తా కొత్తవాడైతే తెలియాలి కదా. ఏ ఇంట్లో ఎంతమంది గాలి వదలాలో మీ మండలే కొలత పెట్టింది. చుట్టాలొస్తే వాళ్ళు వదిలే గాలి మన లెక్కలోనే పడుతుంది. అందుకే గృహప్రవేశానికి కూడా ఎవరినీ గడప లోపలికి పిలవలేకపోయాం. గుమ్మడికాయకి ఊపిరితో పెద్ద పని లేదు. దాని వాటా మీద ఇప్పుడు రోజుకి ఇద్దరు ముగ్గురిని పిలవచ్చు. బిడ్డ పుట్టిన వేళ మంచిదేనని మా అత్త మురిసిపోయింది.

ఆరుద్ర కార్తె, శుక్రవారం

మొదటి పిలుపు మా పక్క తెప్పలో ఉండే లోవలక్ష్మికే. నేనూ తనూ చిన్నప్పట్నుంచీ ఒకే వలకి చెరోవైపు కూర్చుని ముడులు వేసినవాళ్ళం.

లోపలికొచ్చి చాలాసేపు నిలబడే ఉంది. పాదంతో నేలని అటూ ఇటూ నొక్కి చూసింది. "ఒదినా, ఇది కదల్దేటే?" అంది. కదలదన్నాను. అప్పుడు కూర్చుని కాళ్ళు బారజాపుకుంది. "పిల్లల్ని పొడి నేల మీద పడుకోబెట్టుకుంటే ఎలాగుంటాదో" అని గట్టిగా నిట్టూర్చింది. గుమ్మం దగ్గర కర్రుమని చప్పుడైంది. చూద్దుము కదా, గుమ్మడికాయ జానెడు పెరిగింది. మా అత్త పెట్టిన బొట్టు సాగి నుదురంత వెడల్పైంది.

మర్నాడు వచ్చినవాళ్ళు గోడలు తడిమి చూశారు. కర్రుమంది. ఆ మర్నాడు వచ్చినావిడ వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకుంది. మూరెడు పెరిగింది. మా అత్త సంబరం చూడాలి. "పన్జేత్తందే! దిష్టంతా అదే తినేత్తంది!" అని వీధి వీధంతా, అంటే తెప్ప తెప్పకీ, చెప్పుకొచ్చింది.

కాయ పెరగడం ఒక్కటే అయితే సర్దుకుపోయేవాళ్ళం. గోడలకి కూడా బూడిద పుట్టింది. ఎక్కడ ఆనుకుంటే అక్కడ తెల్లగా అంటుకుంటోంది. మా ఆయన వేటకి వెళ్తుంటే పిండిబస్తాలో పడి లేచినట్టుంటాడు. పడవలో వాళ్ళు ఆయనకి గుమ్మడి తాతారావని పేరు పెట్టారు.

ఆరుద్ర కార్తె, బుధవారం

మీరు పంపిన ఇళ్ళ డాక్టరు ప్రభుదాసు గారు వచ్చారు. గోడలకి గొట్టం ఆనించి విన్నారు. కప్పుకి చెయ్యేసి నాడి చూశారు. బయట ఊరంతా పోగయి నిలబడింది.

"ఇంటికి జబ్బేమీ లేదమ్మా. కాకపోతే తను ఇల్లునన్న సంగతి మర్చిపోయింది. గుమ్మడిపాదుననుకుంటోంది" అన్నారు.

"కాయ కోసి పారేద్దామాండి?" అన్నాను.

"కోస్తే ఇల్లూ పోతుంది. రెండిటికీ నరం ఒకటే అయిపోయింది." ఆయన టేపు తీసి కాయ చుట్టూ కొలిచి, లోవలక్ష్మిని ఒకసారి లోపలికి చూడమన్నారు. తను చూసింది. మళ్ళీ కొలిచారు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి కొలిచారు. "ఇది నా చదువులో లేదు. కానీ ఈ కాయ గంజితో పెరగడం లేదు. ఈ ఇల్లు నాకుంటే ఎంత బాగుండునని ఎవరికైనా అనిపిస్తే పెరుగుతోంది."

తర్వాత సంగతి కూడా అందరికీ వినపడేలానే చెప్పారు. కాయ ముదిరితే తొడిమ ఊడి పడుతుంది. కాయ రాలాక పాదు ఎండిపోవడం గుమ్మడి స్వభావం, అంటే ఇల్లు ఎండిపోతుంది. ముదిరిన కాయలో గింజలుంటాయి, పాతితే ఒక్కొక్క గింజకీ ఒక్కొక్క ఇల్లు మొలుస్తుంది. లేత కాయలో గింజలు మాత్రం దేనికీ పనికిరావు.

అందరూ గుమ్మడికాయకేసి చూశారు. తర్వాత నాకేసి చూశారు.

ఊరిపెద్ద పోలయ్య తాత ముందుకొచ్చాడు. "గింజల కోసం ఈళ్ళ కొంప ఎండగట్టుకుంటామేటి? మండలోళ్ళు ఇత్తామన్నారు కదా. సోతి కార్తె దాకా ఓపిక పడదాం. అందాకా ఎవురూ దీని మీద కన్నెయ్యకండి" అన్నాడు. అందరూ సరేనన్నారు. నేను లోపలికి వెళ్ళి గోడకి తల ఆనించి ఏడ్చాను. బయటికొచ్చేసరికి ముఖమంతా బూడిద, పిల్లలు నన్ను చూసి నవ్వారు.

పుష్యమి కార్తె, సోమవారం

కన్నెయ్యకుండా ఉండటం ఎలాగో ఎవరికీ తెలియలేదు. పోలయ్య తాత పంచాయితీ పెట్టి తీర్మానం చేయించాడు. ఇకనుంచి ఈ ఇంటిని ఎవరూ మెచ్చుకోకూడదు. ఇటుగా వెళ్ళే ప్రతివాళ్ళూ ఆగి ఒక తిట్టు తిట్టి వెళ్ళాలి. గోడలు వినేలా బూతులు కూడదని మీ నియమం ఉంది కాబట్టి మర్యాదగల తిట్లే తిట్టాలని నేను చెప్పాను.

పొద్దున్నే మొదలుపెడతారు. "ఛీ, ఇదీ ఒక ఇల్లేనా!" అని ఒకడు. "కిటికీలు సూడు, ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి, మెల్లకన్ను మొహం" అని ఇంకొకడు. పోలయ్య తాత పెద్దమనిషి కదా, నిలబడి ఆలోచించి మరీ, "గాలి బాగా ఆడతంది, జలుబు సేత్తాది" అని వెళ్తాడు. ఇల్లు పాపం చిన్నబుచ్చుకుని ఆకులు రాల్చింది. నేను రహస్యంగా గోడ నిమిరి, "నిన్ను కాదులే" అని ఊరడించి రెండు చెంబులు గంజి ఎక్కువ పోశాను.

గుమ్మడికాయ పెరగడం మాత్రం ఇంత కూడా తగ్గలేదు. వాళ్ళు తిట్టేది నోటితో. తిడుతూనే గుమ్మం ఎత్తు ఎంతో, తమ మంచం పడుతుందో లేదో కళ్ళతో కొలుచుకుంటున్నారు. కాయకి చెవుల్లేవు కాబట్టి తిట్లు దానికి చేరనే లేదు.

మఖ కార్తె, గురువారం

ఇల్లు గుండ్రంగా అయిపోతోంది. మూలలు కరిగిపోయాయి. గోడలు బయటికి ఉబ్బి లోపల ఊరంత చోటు వచ్చింది గానీ ఒక్క మంచం కూడా సరిగ్గా ఆనదు. నేల గిన్నెలా గుంటపడింది. ఏ వస్తువు ఎక్కడ పెట్టినా దొర్లుకుంటూ మధ్యకొచ్చేస్తుంది. పడుకునేటప్పుడు నేనూ మా ఆయనా అత్తా మూడు చోట్ల పడుకుంటాం, తెల్లారేసరికి బియ్యం డబ్బాతో సహా ఒక్కచోట పోగవుతాం. కొడుకు తనని తన్నాడని అత్త, తల్లే తనని తన్నిందని ఆయన, రోజూ కాఫీల వేళకి ఇదే గొడవ.

అసలు బాధ అది కాదు. నిన్న నీళ్ళ పీపా దగ్గర లోవలక్ష్మితో మాటా మాటా పెరిగింది. "ఈ మధ్య మా గుమ్మం వైపు మరీ ఎక్కువ తిరుగుతున్నావు, కాస్త తగ్గించు" అన్నాను. అనకుండా ఉండాల్సింది. తను పీపా వదిలేసి మా గుమ్మం ముందుకొచ్చి నిలబడి, ఊరంతా వినేలా అరిచింది. "నీ కొంప సూసి కుళ్ళుకునే ఖర్మ నాకేటే? నా తెప్ప నాకు మేడ! నువ్వు రమ్మని బతిమాలినా నీ ఇంట్లో అడుగెట్టను!"

గుమ్మడికాయ కర్రుమంటూ పెరిగింది. మూరెడు కాదు, నిలువెత్తు పెరిగి గుమ్మం పక్కకి ఒరిగింది. ఊరంతా చూసింది. లోవ ఆ కాయకేసి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని తెప్ప మీదికి వెళ్ళిపోయింది.

నాకు ఆ ఇంట్లోకి మళ్ళీ అడుగుపెట్టాలనిపించలేదు. పదిమందిలో దాని మనసు బయటపెట్టించింది నా గుమ్మమే. అంతకన్నా అవమానం ఏముంటుంది ఆడదానికి?

హస్త కార్తె, ఆదివారం

వాన మొదలై ఆగడం లేదు. మధ్యాహ్నం గాలికి లోవ గుడిసె కప్పు లేచిపోయింది. దాని పిల్లలు పెనం నెత్తిన పెట్టుకుని కూర్చున్నారని మా ఆయన వచ్చి చెప్పాడు.

వెళ్ళాను. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. "రా, ఇంటికి పోదాం" అన్నాను.

"నేను రాను. నీ కాయ మళ్ళీ పెరిగిపోద్ది."

"పెరిగితే పెరగనియ్. పిల్లలు తడుస్తున్నారు."

"ఇల్లు పోతే?"

"పోతే నువ్వూ నేనూ ఒకే తెప్ప మీద కూర్చుని కొట్టుకుందాం. లే ముందు."

వచ్చింది. పిల్లల తలలు తుడిచి పొడి నేల మీద పడుకోబెట్టింది. నేను గుమ్మం వైపు చూస్తూ బిగుసుకుపోయి నిలబడ్డాను. కాయ కదల్లేదు. లోవ గోడకి చేరగిలబడి, "నీ పొయ్యి బాగా పొగ కక్కుద్ది ఒదినా" అంది. అప్పటికీ కదల్లేదు.

అప్పుడు తట్టింది నాకు. తనది కాదనుకుని చూస్తేనే కదా కన్ను పడేది, ఇందులోనే కాపురం ఉంటే ఎందుకు పడుతుంది! తాతారావుని పంపి తెప్పల మీదున్న వాళ్ళందరినీ పిలిపించాను. పీపాలు, వలలు, కోళ్ళతో సహా వచ్చేశారు. ఇల్లు ఉబ్బి ఉంది కాబట్టి అందరూ పట్టారు. ఫోనులో మీ సహాయ కేంద్రం యంత్రం మాత్రం "ఊపిరి మితిమీరింది, ఊపిరి మితిమీరింది" అని ఒకటే గంట కొడుతోంది. అత్త ఆ ఫోనుని పాత దుప్పట్లో చుట్టి కోళ్ళగంప కింద పెట్టింది.

చిత్త కార్తె, మంగళవారం

గుమ్మడికాయ అంగుళం కూడా పెరగలేదు. ప్రభుదాసు గారు వచ్చి కొలిచి, ఉండబట్టలేక ఆయన కూడా ఇక్కడే మకాం పెట్టారు.

ఇప్పుడు ఇంటిని ఎవరూ కోరుకోవడం లేదు. స్నానాల గది దగ్గర బారులు తీరి కొట్టుకుంటున్నారు. పోలయ్య తాత గురకకి కప్పు కూడా కదులుతోంది. లోవ నా వంటింట్లో చేరి, ఉప్పు ఎక్కడ పెట్టాలో నాకే చెబుతోంది. తెల్లారేసరికి ఊరంతా మధ్యలో ఒకే పోగు, ఎవరి కాలు ఎవరిదో వెతుక్కోవడానికే పూట గడిచిపోతుంది. పొద్దున్నే ఇంటిని తిట్టడం మానలేదు గానీ ఇప్పుడు తిట్టేవన్నీ నిజం తిట్లే. నాకు మాత్రం ఇంతకన్నా హాయిగా ఎప్పుడూ లేదు. ఇలాగే స్వాతి దాకా నెట్టుకొస్తే ఇల్లు నిలుస్తుంది, గింజలొస్తాయి.

స్వాతి కార్తె, శుక్రవారం

మీ తనిఖీ అధికారి సుధీంద్ర గారు వచ్చారు. ఇస్త్రీ నలగని బట్టలు, ఛాతీ మీద ఐదు ఆకుల బిళ్ళ. లోపలికి అడుగుపెట్టగానే జారి, మనుషుల మధ్యలోకి వచ్చి కూర్చున్నారు. లేచారు, మళ్ళీ జారారు. చివరికి కూర్చునే తనిఖీ చేశారు.

"మూలలు లేవేమిటి? ఒక ఇంటికి ఒకే కుటుంబమని నియమం కదా, వీళ్ళంతా ఎవరు? ఈ బూడిదేమిటి?" అని వరసగా అడిగి, తర్వాత కాగితం చూసుకుని గొంతు తగ్గించారు. "జ్యేష్ఠంలో మీకు బిడ్డ పుట్టింది. చుక్కల మందు వేయించలేదు. బిడ్డ ఏదమ్మా?"

మా అత్త గుమ్మం వైపు చెయ్యి చూపించి, "బాగా పెరిగాడు బాబూ" అంది.

ఆయన కాయకేసి చూశారు. తర్వాత కాగితాలు మడిచి, "అనర్హం" అన్నారు. సాయంత్రానికి కోత యంత్రం వస్తుందట, ఇంటిని ముక్కలు చేసి ఎరువుకి తీసుకుపోతుందట. మా పేరున ఉన్న గింజలు మర్నాడే వేరే దేశానికి వెళ్ళిపోతాయట.

కోళ్ళు కూడా నోరు మూసుకున్నాయి. పోలయ్య తాత కండువా ముఖాన వేసుకున్నాడు. లోవ నా భుజం మీద తల పెట్టి, "మేం రావడం వల్లే కదే" అని వెక్కింది. కాదన్నాను. మా తాతల దగ్గర్నుంచీ ఆగినవాళ్ళం, ఇంకొక్క కార్తె ఆగమంటే ఆగాం. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

ప్రభుదాసు గారు నా పక్కకి జరిగి మెల్లగా అన్నారు: "ఇంకో రెండు మూరలు పెరిగితే కాయ ముదిరిపోతుందమ్మా." అంతే అన్నారు. మిగతాది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ముదిరితే ఇల్లు ఎండిపోతుంది. ముదరకముందే యంత్రం వస్తే ఇల్లూ పోతుంది, గింజలూ పోతాయి. పెరగాలంటే ఎవరో ఒకరు దీన్ని కోరుకోవాలి. మావాళ్ళంతా లోపలే ఉన్నారు. బయటివాడు ఒక్కడే.

"అయ్యా, భోజనాల వేళైంది. తిని వెళ్ళండి" అన్నాను.

"వద్దమ్మా. నా ఊపిరి మీ లెక్కలో పడుతుంది."

"ఫెయిలైన ఇంటికి ఇంకా లెక్కేమిటండీ?"

ఆయన జారకుండా సర్దుకుని కూర్చున్నారు. విస్తరి వేశాం. నెత్తళ్ళ వేపుడు, రొయ్యలేసిన చింతకాయ పచ్చడి, వంజరం పులుసు. వేపుడు వాసనకి ఆయన కళ్ళు మూసుకున్నారు. "మా ఇంట్లో నూనె పొగ వస్తే గోడలు ఒప్పుకోవు" అన్నారు. మా అత్తా లోవా నేను వడ్డిస్తానంటే నేనని కొట్టుకున్నారు. ఆయన అటూ ఇటూ చూసి, "నా కోసమేనా?" అన్నారు. గుమ్మం దగ్గర సన్నగా కర్రుమంది.

"మీ ఇంట్లో ఎవురెవురుంటారు బాబూ?" అంది అత్త.

"నేనొక్కణ్ణే. మండలి ఐదాకులూ ఇచ్చిన ఇల్లు. దేశంలో మొదటి పది ఇళ్ళలో ఒకటి."

"సుట్టాలు పక్కాలు రారా?"

"వస్తే ఒక ఆకు తీసేస్తారండి."

కర్రుమంది. పోలయ్య తాత ఉలిక్కిపడి నాకేసి చూశాడు. ఒకరి తర్వాత ఒకరికి సంగతి అర్థమైంది. పిల్లలు ఆయన చుట్టూ చేరారు. లోవ చిన్నకూతురు పొట్ట నిండి నిద్రొచ్చి, నేల గుంటే కదా, జారుకుంటూ వెళ్ళి ఆయన ఒళ్ళో తల పెట్టుకుంది. తినే చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నాకేం తక్కువండీ, నాకు అన్నీ ఉన్నాయి" అన్నారాయన, ఎవరూ అడక్కుండానే. ఆ మాటకి మూరెడు పెరిగింది.

నేను మళ్ళీ అన్నం వడ్డించాను. ఆ చేత్తోనే నా ఇంటిని చంపుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది. పొడి నేల, గోడ మీద పడే పొద్దుటి ఎండ, గంజి తాగి త్రేన్చే ఆ చప్పుడు, అన్నీ గుర్తొచ్చాయి. లోవ నా మణికట్టు పట్టుకుంది. "ఒదినా, వొద్దే. నీ ఇల్లే ఇది."

"పులుసు అందుకో" అన్నాను.

పులుసు పోశాను. ఆయన తలెత్తకుండా తిన్నారు. తిని, నిద్రపోతున్న పిల్ల తల మీద ఎడమ చెయ్యి వేశారు. "వీళ్ళంతా రోజూ ఇలాగే ఉంటారా?" అని అడిగారు. ఉంటారన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ అనకపోవడంలోనే పెళపెళమని తొడిమ చిరిగి, గుమ్మడికాయ గడప మీద పడి రెండు చెక్కలైంది. అరచేతులంత గింజలు కుప్పగా జారి ఇసుకలోకి దొర్లాయి. ఇల్లు ఒక పెద్ద ఊపిరి వదిలింది. కప్పు నుంచి మొదటి ఎండుటాకు నా ఒళ్ళో పడింది.

సుధీంద్ర గారు విస్తరి ముందే కూర్చుని కాగితాలన్నీ వెతికారు. మండలి ఇచ్చిన గింజకి నియమం ఉంది గానీ గుమ్మడికాయలోంచి పడిన గింజకి ఏ నియమమూ లేదట. యంత్రాన్ని కూడా వద్దన్నారు, ఇల్లు తనంతట తనే పోతోంది కాబట్టి. చివరికి ఒక్కటి మిగిలింది. "బిడ్డ పోయినట్టు రాసుకోనా అమ్మా?" అని అత్తని అడిగారు.

"అలాగ రాయకండి బాబూ. బిడ్డకి పిల్లలు పుట్టారని రాసుకోండి" అంది.

రాసుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఆయన ఒక గింజ జేబులో వేసుకోవడం నేను చూశాను. మీరు ఇది చదవనట్టు ఊరుకోండి.

విశాఖ కార్తె, సోమవారం

ఇల్లు లేదు కాబట్టి ఇక నేను రాయనక్కర్లేదు. అలవాటైపోయి రాస్తున్నాను.

అది ఎండిపోవడానికి వారం పట్టలేదు. ఆఖరి రోజు గంజి పోస్తే తాగలేదు, వేరు దగ్గర అలాగే నిలిచిపోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. మా ఆయన కూడా తినలేదు. ఆయన ఏడవడం అప్పుడే చూశాను. ఇప్పుడు అందరం మళ్ళీ తెప్పల మీదే ఉన్నాం. మా తెప్ప కుడివైపు కారుతోంది, రాత్రంతా అత్త నన్ను తిడుతూ నీళ్ళు తోడుతోంది.

ఇసుకదిబ్బ మీద ఇంటికొకటి చొప్పున గింజలు పాతుకున్నాం. అన్నీ మొలిచాయి. మాది రెండాకులేసి ఆలోచిస్తోంది. లోవది నా నడుమంత ఎత్తు వచ్చింది, అప్పుడే గుమ్మం ఆకారం తెలుస్తోంది. దాని చోటులో పాత కోళ్ళ ఎరువు ఉందట, అదృష్టం.

నేను పొద్దున్నే నా మొక్కకి నీళ్ళు పోసి తిన్నగా వచ్చేద్దామనుకుంటాను. కాళ్ళు లోవ మొక్క వైపే పోతాయి. ఇవాళ దాని గుమ్మం ముందు నిలబడి, మా మంచం పడుతుందా అని కొలుచుకుంటున్నాను. వెనక నుంచి లోవ వచ్చింది. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. నా ఇంటిని అందరికీ ఇచ్చేసిన మనిషిని, నడుమెత్తు మొక్క దగ్గర దొంగలా దొరికిపోయాను. ఉక్రోషంతో కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"సూత్తన్నావా?" అంది.

"లేదు" అన్నాను.

"సూస్కోయే, ఎంతసేపైనా సూస్కో. ఎల్లేటప్పుడు ఓ బిందె నీళ్ళు పోసెల్లు" అని తన దారిన తను వలలు ఆరేసుకోవడానికి పోయింది.

పోశాను. నా మొక్కకి పోసినదానికన్నా కాస్త తక్కువే పోశాను. సగం దూరం వచ్చాక మనసొప్పలేదు. వెనక్కి వెళ్ళి బిందెలో మిగిలింది కూడా పోసి వచ్చాను.